వ్రేళ్లకు తగిన మీటలపలక

కంప్యూటరు కీబోర్డును సంవత్సరముల తరబడి వాడుచున్నవారిలో సైతము దాని మీటల వరుసలు ఏల ఏటవాలుగా నున్నవో విచారించినవారు అరుదు. క్యూ అను అక్షరపు మీటకు సరిగా దిగువన ఏ ఉండదు; పావు మీట వెడల్పున కుడివైపునకు జరిగి యుండును. ఆ ఏ క్రింద నున్న జడ్ మరియొక అర మీట కుడికి జరిగి యుండును. ఎడమచేతి వ్రేళ్లు పై వరుసనుండి క్రింది వరుసకు దిగునపుడు ముంజేయి వచ్చిన దెసకే, అనగా ఎడమకు, ముడుచుకొనుట సహజము; ఈ వాలు వాటిని ప్రతిమారును కుడికి లాగుచున్నది. కుడిచేతికి ఈ యమరిక కొంతవరకు అనుకూలించును. రెండు చేతులును పరస్పర ప్రతిబింబములై యుండగా, రెంటి క్రిందను ఒకే దిక్కునకు వాలిన వరుసలను పరచి, నూటయేబది సంవత్సరములుగా ఎవరును పెద్దగా ఆక్షేపింపకుండుట అలవాటునకున్న బలమును చెప్పకయే చెప్పుచున్నది.

ఈ వాలు టైపురైటరునుండి సంక్రమించినది. అమెరికాలోని మిల్వాకీ నగరమున పత్రికాసంపాదకుడుగాను ముద్రాపకుడుగాను పనిచేసిన క్రిస్టఫర్ లాథమ్ షోల్స్ తన సహచరులతో కలిసి 1868లో టైపురైటరునకు పేటెంటు పొందెను. తుపాకుల తయారీకి పేరుపడిన రెమింగ్టన్ కంపెనీ 1873లో దాని నిర్మాణమునకు పూనుకొనెను. ప్రతి మీట క్రిందనుండియు ఒక్కొక్క కడ్డీ యంత్రగర్భములోనికి పోవలసి యుండెను గనుక, నాలుగు వరుసల కడ్డీలును ఒకదానినొకటి తాకకుండుటకై వరుసలను ప్రక్కకు జరుపుట తప్పనిసరి యయ్యెను. తరువాత కడ్డీలు పోయి విద్యుత్తు వచ్చినను, వాలు మాత్రము అట్లే నిలిచినది. అక్షరముల క్రమమునకు సంబంధించి, టైపిస్టుల వేగమును తగ్గించుటకే దానిని కల్పించిరను కథ లోకమున బహుళముగా వ్యాపించి యున్నది. కాని క్యోటో విశ్వవిద్యాలయమునకు చెందిన ఇరువురు పరిశోధకులు 2011లో ఆ కథను త్రోసిపుచ్చి, తొలినాటి యంత్రములను వాడిన టెలిగ్రాఫు ఉద్యోగుల అవసరములే ఆ క్రమమును తీర్చినవని వాదించిరి. కథ యెట్లున్నను, మన వ్రేళ్లతో సంప్రదించి ఆ క్రమమును నిర్ణయించినట్లు ఆధారము లేదు.

ఇట్టి పలకపై దినమునకు ఎనిమిది పది గంటలు పనిచేయువారి చేతులకు మూడు మెలికలు కలుగును. అరచేతులు రెండును బల్లవైపు చూచుటకై ముంజేతి యెముకలు ఒకదానిపై నొకటి తిరుగుట మొదటిది. భుజముల వెడల్పున ఎడముగా నున్న మోచేతులనుండి వచ్చిన చేతులు నడుమనున్న ఇరుకు స్థలములో కలిసికొనవలసి వచ్చుటచే మణికట్టు చిటికెనవ్రేలి వైపునకు వంగుట రెండవది. పలక వెనుక నున్న చిన్న కాళ్లను నిలిపి ఎత్తుచేయుటచే మణికట్టు పైకి విరుగుట మూడవది. ఆ కాళ్లను మడిచివేయుటకు కానీ ఖర్చు లేదు గనుక, ఈ వ్యాసము చదువుచున్నవారు తక్షణమే ఆ పని చేయవచ్చును. వీనికి తోడు శ్రమవిభజనలో ఒక అన్యాయము కలదు. చేతిలో బలిష్ఠమైన బొటనవ్రేళ్లు రెంటికిని కలిపి ఒక్క స్పేసుబారును ఇచ్చి, దుర్బలమైన కుడి చిటికెనవ్రేలికి ఎంటరు, బ్యాక్‌స్పేసు, షిఫ్టు, సగము విరామచిహ్నములు అప్పగించినారు.

ఈ దోషములను కనిపెట్టినవారు నేటివారు కారు. 1926లోనే క్లాకెన్‌బెర్గ్ అను జర్మను రచయిత మీటలను రెండు భాగములుగా విభజించి ఒక్కొక్క భాగమును ఒక్కొక్క చేతికి అనువుగా త్రిప్పవలెనని ప్రతిపాదించెను. 1972లో క్రోమర్ అను ఎర్గోనామిక్సు శాస్త్రజ్ఞుడు ఆ ఊహను ప్రయోగములకు పెట్టెను. ఆ దశాబ్దముననే ఇంగ్లండులో టైపింగు బోధనయందు ఆరితేరిన లిలియన్ మాల్ట్ అను మహిళయు, స్టీఫెన్ హాబ్డే అను యంత్రనిర్మాతయు కలిసి మాల్ట్రాన్ అను పలకను రూపొందించిరి. దానిలో మీటలు సమతలముగా నుండక, వ్రేళ్ల పొడవులలోని భేదమును అనుసరించి రెండు గుంటలలో అమరియుండును. బొటనవ్రేళ్లకు ప్రత్యేకముగా మీటల గుంపులుండును. 1992లో సియాటిల్ ప్రాంతపు కినెసిస్ కంపెనీ ఆ జాడలోనే తన గుంటలపలకను విడుదల చేసెను. 1994లో మైక్రోసాఫ్టు వారి నాచురల్ కీబోర్డు నడుమ వంపుతిరిగిన రూపమును సామాన్యగృహములకు పరిచయము చేసెను. అటుపై 2011 ప్రాంతమున కొందరు ఔత్సాహికులు ఎర్గోడాక్స్ అను నమూనా తయారుచేసి, దాని చిత్రములను ఎల్లరకును ఉచితముగా అందుబాటులో నుంచుటతో ఈ విద్య పెద్ద కంపెనీల కర్మాగారములను దాటి ఇండ్లలోని బల్లలమీదికి వచ్చినది. నేడు అంగడిలో దొరకు మూన్‌లాండర్, వోయేజర్ మొదలైన పలకలును, జపానులో పుట్టిన కోర్నె అను 42 మీటల చిన్న పలకయు ఆ వాతావరణములో పెరిగినవే.

ఇన్ని రూపములలో ఏది కొనవలెనను ప్రశ్నకు, ఏది అందముగా నున్నదో దానిని కొనుమని చెప్పువారు చాలమంది కలరు. నా అభిప్రాయము వేరు. మొదట ఆకారమును, పిదప మీటల సంఖ్యను, అటుపిమ్మట ప్రోగ్రాము చేయు సౌకర్యమును, చివర మీటల శబ్దమును రంగులను విచారింపవలెను. తెలుగు వ్రాయువారి విషయములో మాత్రము మీటల సంఖ్య అన్నింటికంటె ముఖ్యము. ఏలనో కొంతసేపటికి చెప్పెదను.

ఆకారమున ప్రధానమైనది విభజన. రెండు ముక్కలైన పలకలో ఒక్కొక్క ముక్కను భుజమునకు సూటిగా ఎదుట నుంచుకొనవచ్చును. అప్పుడు ముంజేయి, మణికట్టు, నడిమివ్రేలు ఒకే గీతలో నుండును. ముక్కల లోపలి అంచును, అనగా బొటనవ్రేలి వైపును, కొంచెము ఎత్తుచేసినచో అరచేతులు ఒకదానినొకటి చూచుటకు కొంత తిరిగి, ముంజేతి మెలిక తగ్గును. ఎత్తు ఎంత యుండవలెనన్నది చేతిని బట్టి మారును గనుక, ఎత్తును సవరించు ఏర్పాటు లేని పలకను కొనుటకు ముందు ఆలోచింపవలయును. ఒకేముక్కగా నుండి నడుమ వంపుతిరిగిన పలకలు కొంత మేలు చేయును గాని, అందరి భుజములును ఒకే వెడల్పున ఉండవు కదా!

రెండవది నిలువు వరుసల అమరిక. కొన్ని పలకలలో మీటలు చదరంగపు గడులవలె అడ్డముగాను నిలువుగాను సూటిగా నుండును. 47 మీటల ప్లాంక్ ఈ జాతిలో ప్రసిద్ధమైనది. మరికొన్నింటిలో ఒక్కొక్క వ్రేలికి ఒక్కొక్క నిలువు వరుస ఏర్పడి, నడిమివ్రేలి వరుస పైకిని చిటికెనవ్రేలి వరుస క్రిందికిని జరిగి యుండును. అరచేతిని కాగితముపై పరచి వ్రేళ్ల కొసల వెంట చుక్కలు పెట్టి చూచినచో ఈ రెండవ అమరికలోని ఔచిత్యము వెంటనే బోధపడును. గడుల పలక చూపునకు ముచ్చటగా నుండును, సంచిలో సులభముగా ఇముడును. కాని రెండు చేతులను ఇరుకుచోట చేర్చిన గడులపలకకు ఎర్గోనామిక్ అను విశేషణమును తగిలించుట అంగడివారి చమత్కారమే.

గుంటలపలకయా, సమతలపలకయా అన్నది మూడవ విచారణ. గుంటలోని మీటలు వ్రేళ్లకు ఎదురువచ్చినట్లుండి, పై వరుసను అందుకొనుటకు చేయి కదలనక్కరలేదు. కాని మీటల ఎడము దాదాపు అన్ని పలకలయందును 19 మిల్లీమీటర్లే గనుక, చిన్న చేతులుగలవారికి బొటనవ్రేలి గుంపులోని దూరపు మీటలు అందకపోవచ్చును. మూన్‌లాండరు విషయమున ఈ ఫిర్యాదు తరచుగా వినవచ్చును. మన ఊళ్లలో ఇట్టి పలకలను చేతితో తాకి చూచి కొను దుకాణములు బహు తక్కువ. అందుచేత అనుభవజ్ఞులు ఒక ఉపాయము చెప్పుదురు: ఓపెన్ సోర్సు పలకల చిత్రములు అసలు పరిమాణములో దొరకును; వాటిని కాగితముపై అచ్చువేసి, బల్లపై పరచి, కన్నులు మూసికొని చేతులనుంచి, ఏ వ్రేలు ఏ మీటను అందుకొనగలదో చూచుకొనవలయును. పది రూపాయల కాగితము ముప్పదివేల రూపాయల పొరపాటును తప్పించును. మూన్‌లాండరు వెల 365 డాలర్లుగా ప్రకటింపబడినది. విదేశమునుండి తెప్పించుకొనువారు రవాణాయు, సుంకమును దానికి కలుపుకొనవలెను.

ఇట్టి పలకలలో పెక్కు మెకానికల్ జాతివి. మెకానికల్ అనగా ప్రతి మీట క్రిందను స్ప్రింగుతో కూడిన ప్రత్యేకమైన స్విచ్చి యుండుట. చవుక కీబోర్డులలో మీటలన్నింటికిని కలిపి ఒక రబ్బరు పొర యుండును. మీటను అడుగువరకు నొక్కినగాని అక్షరము పడదు. జర్మనీలోని చెర్రీ కంపెనీ 1980 దశకమునుండి తయారుచేయుచున్న ఎమ్ఎక్స్ స్విచ్చిలో మీట మొత్తము 4 మిల్లీమీటర్లు దిగును గాని, సుమారు 2 మిల్లీమీటర్లు దిగినంతనే అక్షరము పడును. ఎరుపు స్విచ్చి ఏ తడబాటును లేక దిగును. గోధుమరంగుది నడుమ చిన్న ఆటంకమును వ్రేలికి తెలుపును. నీలము టిక్కుమని అరచును. నీలపు స్విచ్చిని ఆఫీసునకు తీసికొనిపోవువారు ప్రక్కబల్లవారి క్షమాగుణమును ముందుగా పరీక్షించుకొనుట మేలు. చెర్రీ పేటెంటు గడువు తీరిన తరువాత గాటెరాన్, కైల్ వంటి చైనా కంపెనీలు అనేక రకములను తెచ్చినవి. టంకము లేకయే స్విచ్చిని పెరికి మరియొకటి గ్రుచ్చుటకు వీలైన పలకను ఎన్నుకొన్నచో ఈ విషయమున తొందరపడి నిర్ణయింపనక్కరలేదు. స్విచ్చిల గురించి గంటలకొలది వాదించుకొను రసికులున్నారు; ఆ రసమును వారికే విడిచిపెట్టుదము.

ఇక ప్రోగ్రాము చేయు సౌకర్యము. పలకలోనే ఒక చిన్న కంప్యూటరు చిప్పు ఉండి, ఏ మీటను నొక్కినచో ఏ సంకేతము పోవలెనో దానిలో వ్రాసికొనుటకు వీలుండుటయే ఈ పలకలలోని అసలు విశేషము. ఈ చిప్పులో నడచు ప్రోగ్రాములలో బహుళవ్యాప్తమైనది క్యూఎమ్‌కె. జపానునకు చెందిన జున్ వాకో వ్రాసిన టిఎమ్‌కె అను పూర్వరూపమునుండి, ప్లాంక్ పలకను రూపొందించిన జాక్ హంబర్ట్ దీనిని పెంపొందించెను. వైర్లెస్ పలకలకు జెడ్ఎమ్‌కె అనునది తగినది. పూర్వము ఇందులో మార్పు చేయవలెనన్న కోడు వ్రాయవలసి వచ్చెడిది. ఇప్పుడు వయా వంటి పనిముట్టులతో తెరమీది బొమ్మపై మీటను చూపి, దానికి కావలసిన పనిని ఎంచుకొన్నచో చాలును. ఒకమారు చేసిన యేర్పాటు పలకలోనే నిలుచును గనుక, దానిని ఏ కంప్యూటరునకు తగిలించినను మన అలవాటు మనతోనే వచ్చును. కొనునపుడు ఈ ఒక్క విషయమును తప్పక అడుగవలెను: ఏర్పాట్లు పలకలో నిలుచునా, లేక కంపెనీవారి సాఫ్టువేరు నడచుచున్నంతవరకేనా?

ఈ సౌకర్యమునకు ప్రాణము లేయరు. క అను అక్షరము ఒక్కటియే యైనను, గుణింతపు గుర్తు మారినకొలది కా, కి, కీ, కు అని రూపము మారినట్లు, ఒకే మీట తానున్న లేయరును బట్టి వేర్వేరు పనులు చేయును. బొటనవ్రేలితో ఒక మీటను అదిమిపట్టినంతసేపు కుడిచేతి మీటలు అంకెలుగా మారవచ్చును; మరియొకదానిని పట్టినపుడు అవియే బాణపు గుర్తులు కావచ్చును. చేయి తన చోటునుండి కదలకుండ అన్నియు వ్రేళ్లక్రిందికే వచ్చును. ఇంకొక ప్రయోగము కలదు: ఒక మీటను తట్టి విడిచినచో అక్షరము, అదిమిపట్టినచో కంట్రోలు లేక షిఫ్టు. తట్టుటకును పట్టుటకును భేదమును పలక కాలముతో కొలుచును. క్యూఎమ్‌కెలో మామూలుగా ఆ హద్దు 200 మిల్లీసెకండ్లు. ఈ యుపాయముల వలననే 42 మీటలతోను, 36 మీటలతోను సకలకార్యములు నెరవేర్చువారు బయలుదేరిరి. మీటలు ఎంత తగ్గిన అంత ఘనత యను ఒక సంప్రదాయము కూడ వారిలో ఏర్పడినది.

ఇచ్చటనే తెలుగువారు జాగరూకులై యుండవలెను. ఆ సంప్రదాయము ఇంగ్లీషు వ్రాయువారి చేతులలో పుట్టినది. మన కంప్యూటర్లలో తెలుగునకు ప్రామాణికముగా నున్న ఇన్‌స్క్రిప్ట్ అమరికను చూడుడు. భారతీయభాషలన్నింటికిని ఉమ్మడిగా 1980 దశకమున రూపొంది, 1991 నాటి భారతీయ ప్రమాణములలో చేరిన ఈ అమరికలో అచ్చులును గుణింతపు గుర్తులును ఎడమచేతి క్రింద, హల్లులు అత్యధికముగా కుడిచేతి క్రింద నుండును; భాషాశాస్త్రరీత్యా ఇంత చక్కని పొందిక ఆంగ్లాక్షరముల క్రమమునకు లేదు. కాని అక్షరములు ఎక్కువ గనుక, ఇది ఇంగ్లీషు అక్షరముల 26 మీటలతో తృప్తిపడదు. డ అను అక్షరము, పి ప్రక్కనున్న చదరపు బ్రాకెట్టు మీటపై నుండును. ఒత్వము, పలక ఎడమ మూల, ఒకటి అంకెకు ముందున్న మీటపై నుండును. ట, చ, య అనునవి కూడ విరామచిహ్నముల మీటలపైననే యున్నవి. కోర్నె వంటి 42 మీటల పలకలో బ్రాకెట్టును, ఆ మూలమీటను సాధారణముగా వేరొక లేయరునకు త్రోసివేయుదురు. ఇంగ్లీషువాడు దినమునకు నాలుగుమారులు వాడని గుర్తులవి. తెలుగువాడు ఆ పలకపై 'కొడుకు' అని వ్రాయబోయినచో, ఒత్వమునకు ఒకమారును, డకారమునకు ఒకమారును లేయరు మార్చుకొనవలసి వచ్చును. 'వాడు', 'కూడ', 'కొత్త', 'తొలి' మొదలైన నిత్యవ్యవహారపు మాటలన్నింటికిని ఇదే యవస్థ.

అందుచేత తెలుగులో విరివిగా వ్రాయువారు అరువదికి తక్కువ మీటలుగల పలకను కొనకుండుట మంచిదని నా దృఢాభిప్రాయము. 72 మీటల మూన్‌లాండరు గాని, అంతకంటె కొంచెము పెద్దదియగు ఎర్గోడాక్సు గాని ఈ అక్షరములకు చోటివ్వగలవు. కినెసిస్ గుంటలపలకలో ఆ బ్రాకెట్టును మూలమీటయు అడుగు వరుసయందు దొరకును. చిన్న పలకయే కావలెనను పట్టుదల గలవారు, తెలుగునకై ప్రత్యేకమైన లేయరు నొకదానిని కల్పించి, డకారమును ఒత్వమును బొటనవ్రేళ్లకు అప్పగింపవచ్చును. ఇంగ్లీషు పుస్తకములలో కానరాని యేర్పాటే యైనను, చేతికి ఇంపుగానే యుండును.

అదిమిపట్టు మీటల విషయమున ఇంకొక చిక్కు కలదు. ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు, అనగా సంయుక్తాక్షరములను కలుపు గుర్తు, ఎడమచేతి నడిమివ్రేలి క్రింద, డి అను మీటపై నున్నది. 'అత్త' అని వ్రాయుటకు త, పొల్లు, త అని ఎల్, డి, ఎల్ మీటలను వెంటవెంటనే నొక్కవలెను. కొందరు ఇంటివరుస, అనగా వ్రేళ్లు విశ్రమించు నడిమి వరుస, మీటలకే కంట్రోలు, ఆల్టు మొదలైనవానిని తగిలించుకొందురు. వాడుకలోనున్న ఒక క్రమములో కంట్రోలు ఈ డి మీటకే వచ్చును. ఇంగ్లీషులో డి అంత తరచుగా రాదు. తెలుగులో ద్విత్వములును సంయుక్తములును లేని వాక్యమే యుండదు గనుక, నడిమివ్రేలు డి మీటపై ఒకింత ఆలస్యముగా లేచి, రెండవ ఎల్ పడినచో, పలక దానిని కంట్రోలు ఎల్ అని గ్రహించును. 'అత్త'కు బదులు వాక్యము మధ్యన కర్సరు ఎక్కడికో ఎగిరిపోవును. తెలుగు లేయరులో ఇంటివరుసను శుద్ధమైన అక్షరములకే విడిచి, కంట్రోలు మొదలైనవానిని బొటనవ్రేళ్లకు ఇచ్చుట దీనికి మందు. షిఫ్టును సైతము అచ్చటనే యుంచవలెను. ఏలనగా, ఖ, ఘ, ఛ, ఝ మొదలైన మహాప్రాణములును, అ, ఆ, ఇ, ఈ మొదలైన పూర్ణరూపపు అచ్చులును షిఫ్టుతోనే పడును. చిటికెనవ్రేలికి తెలుగులో కలుగు శ్రమలో పెద్దపాలు ఈ షిఫ్టుదే.

అక్షరముల క్రమమును మార్చు విషయము ఇక మిగిలినది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఆగస్ట్ డ్వోరాక్, విలియం డీలీతో కలిసి 1936లో పేటెంటు పొందిన అమరికలో, ఇంగ్లీషు వ్రాతలో సుమారు నూటికి డెబ్బది మీటనొక్కుళ్లు ఇంటివరుసయందే పడును; పాత క్రమములో అవి మూడవ వంతు మాత్రమే. షాయ్ కోల్మన్ 2006లో ప్రకటించిన కోల్మాక్ అమరిక పాత క్రమములో 17 మీటలను మాత్రము మార్చి, జడ్, ఎక్స్, సి, వి మీటలను యథాస్థానమున నిలిపినది గనుక, కట్, కాపీ, పేస్టుల అలవాటు చెడదు. డ్వోరాక్ వేగమును పెంచునను వాదమును 1990లో లీబోవిట్జ్, మార్గొలిస్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు తీవ్రముగా ఖండించిరి. డ్వోరాక్ పక్షమునకు ఆధారముగా చూపబడిన ప్రయోగములలో పక్షపాతము కలదని వారి యాక్షేపణము. వేగమునకై అక్షరములను మార్చుకొనువారు నిరాశపడుదురనియే తోచుచున్నది. వ్రేళ్ల ప్రయాణము తగ్గుట మాత్రము నిస్సందేహము. అయినను, ఆకారమును అక్షరక్రమమును ఒకేసారి మార్చుకొనుట రెండు పడవలపై కాళ్లు పెట్టుట వంటిది. మొదట ఆకారమునకు చేయి అలవడనిచ్చి, కొన్ని మాసముల తరువాత రెండవదానిని తలపెట్టుట యుక్తము.

తెలుగు ఇన్‌స్క్రిప్ట్ వాడువారికి ఇందులోను ఒక గోతి కలదు. కీబోర్డు కంప్యూటరునకు అక్షరమును పంపదు. ఏ మీట నొక్కబడినదో తెలుపు సంఖ్యను పంపును. ఆ సంఖ్యకు ఏ అక్షరము రావలెనో కంప్యూటరు నిర్ణయించును. పలకలో కోల్మాక్‌ను నింపి, కంప్యూటరులో తెలుగును ఎంచుకొని, 'కే' అని వ్రాయుటకు అలవాటు చొప్పున కె మీటను, ఎస్ మీటను నొక్కితిరనుకొనుడు. కోల్మాక్‌లో కె ఉన్నచోట ఇ యును, ఎస్ ఉన్నచోట ఆర్ యును ఉన్నవి గనుక, పలక ఆ సంఖ్యలనే పంపును. ఇన్‌స్క్రిప్ట్‌లో ఇ అనగా దీర్ఘపు గుర్తు, ఆర్ అనగా ఈకారపు గుర్తు. హల్లు లేకయే రెండు గుణింతపు గుర్తులు తెరపై గాలిలో వ్రేలాడును. దీనికి రెండు పరిష్కారములు కలవు. పలకను మామూలు క్రమముననే యుంచి, డ్వోరాకునో కోల్మాకునో కంప్యూటరులోనే ఎంచుకొనుట ఒకటి. అప్పుడు తెలుగునకు మారినంతనే తెలుగు అమరిక చెక్కుచెదరక వచ్చును. పలకలో తెలుగునకు మామూలు క్రమముగల లేయరును వేరుగా నుంచి, విండోసులో భాష మార్చు విండోస్ స్పేసు జంటను, లేయరు మార్పును ఒకే మీటకు కట్టుట రెండవది. ఈ రెండవదానిలో, కంప్యూటరు ఒక భాషలోను పలక మరియొక లేయరులోను చిక్కుకొని తగవులాడు సందర్భములు రాకపోవు. లేయరును బట్టి రంగు మారు దీపము పలకపై నున్నచో ఆ తగవు వెంటనే కంటబడును.

రోమను అక్షరములతో తెలుగు వ్రాయువారికి, అనగా 'amma' అను రీతిని అమ్మను పిలుచువారికి, ఈ చిక్కులేవియు లేవు. వారికి ఇంగ్లీషునకు పనికివచ్చిన ఏ పలకయైనను తెలుగునకు పనికివచ్చును. డీటీపీ కేంద్రములలో 'అను' అను పేరుగల తెలుగు ఫాంట్లతో పనిచేయువారి స్థితి దీనికి విరుద్ధము. వారి అమరికలు విరామచిహ్నముల మీటలను సైతము అక్షరములకు వాడుకొనును గనుక, వారు మీటల సంఖ్యలో ఏమాత్రమును లోభింపరాదు. వారికి పూర్తి అంకెల వరుసగల పలకయే శరణ్యము.

నొప్పుల మాట. 1999లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో, చేతినొప్పులుగల 80 మందికి నాలుగు రకముల కీబోర్డులను ఆరుమాసములు ఇచ్చి చూడగా, నడుమ వంగిన పలకను వాడినవారికి నొప్పి తగ్గినట్లు కనబడినది. చేతుల వంపు తగ్గునని చెప్పుటకు ఆధారములు బలముగానే యున్నవి; వ్యాధి నయమగునని చెప్పుటకు అంత బలముగా లేవు. వ్రేళ్లు తిమ్మిరెక్కుచున్నవారు, రాత్రులు మణికట్టు నొప్పితో మేలుకొనుచున్నవారు కీబోర్డుల దుకాణమునకు పోకముందు వైద్యుని చూడవలెను. కుర్చీ ఎత్తు సరిచేయకయే పలకను మార్చుటవలన ప్రయోజనము స్వల్పము.

కొన్న తరువాత ఒక చిన్న జాగ్రత్త. పలక రెండు ముక్కలను కలుపు తీగ చాల నమూనాలలో ఇయర్‌ఫోను తీగను పోలిన గుండ్రని కొసలు గలదై యుండును. కంప్యూటరునకు తగిలించియుండగా దానిని ఊడదీసినను, గ్రుచ్చినను లోపలి విద్యుత్తు మార్గములు క్షణకాలము ఒకదానితోనొకటి తాకి చిప్పు పాడగు ప్రమాదము కలదు. ముందుగా యూఎస్‌బీ తీగను తీసి, తరువాతనే నడిమి తీగను ముట్టవలెను.

మొదటి వారములలో వేగము సగమునకు పడిపోవుట సర్వసామాన్యము. ఆ కాలమున అత్యవసరమైన పనులకు పాత కీబోర్డును ప్రక్కన నుంచుకొని, దినమునకు అరగంటయో గంటయో క్రొత్తదానిపై వ్రాయుట మేలు. చేయి కొన్నాళ్లకు రెంటిని వేర్వేరుగా గుర్తించును. డబ్బు వెచ్చింపకయే ఈ పద్ధతి తమకు సరిపడునో లేదో చూడగోరువారు, మ్యాకులో కరాబినర్ గాని, విండోసులోను లినక్సులోను కనాటా గాని వేసికొని, తమ ల్యాప్‌టాప్ మీటలకే లేయర్లను, అదిమిపట్టు మీటలను కల్పించుకొనవచ్చును. ఈ రెండును ఉచితముగా దొరకును. క్యాప్స్‌లాక్ మీటను లేయరు మీటగా మార్చి, దానిని పట్టుకొని ఐ, జె, కె, ఎల్ మీటలతో బాణపు గుర్తులను నడుపుట మొదటి ప్రయోగముగా అనువైనది. అది చేతికి నచ్చినవారు ఆపై కాగితపు నమూనాను అచ్చువేసికొనవచ్చును.